చియా గింజ చల్లగా ఉండాలి!

ప్రపంచంలోని తినుబండారాలన్నిటిలోకీ గొప్పది ఏదంటే, పిల్లలు ముట్టుకోనిది!

ఈ మాట నేను తమాషాకి అనడం లేదు. బాగా ఆలోచించే అంటున్నాను. పిల్లలు లొట్టలేసుకుంటూ తినే వస్తువు వల్ల ఇంటికి ఒరిగేదేమిటి? గిన్నె ఖాళీ అవుతుంది, అంతే కదా! అదే పిల్లలు చూడగానే మూతి ముడుచుకునే వస్తువు ఒకటి వంటింట్లో తయారైందనుకోండి. బేరాలు మొదలవుతాయి, రాయబారాలు నడుస్తాయి, తలుపులు మూసి రహస్య ఒప్పందాలు కుదురుతాయి. ముభావంగా పడి ఉన్న ఇల్లు కాస్తా కళకళలాడిపోతుంది.

నేను చెబుతున్నది చియా గింజల గురించి.

వాటిని ఎరుగనివారు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకో పరిచయం. చియా గింజ ఆవగింజ కంటే చిన్నది. పొడిగా ఉన్నంతసేపు మహా బుద్ధిమంతురాలు. నీళ్లు తగిలాయో, ఒంటి చుట్టూ జిగురు కట్టుకుని, ఉబ్బిపోయి, కప్పగుడ్డులా గుడ్లప్పగించి చూస్తుంది. చెంచాడు నానబెడితే గిన్నెడు అవుతుంది. గిన్నెడు నానబెడితే ఏమవుతుందో మా అబ్బాయి ఒకసారి పరీక్షించి చూశాడు. తెల్లారేసరికి ఫ్రిజ్ తలుపు దానంతటదే తెరుచుకుని ఉంది!

మా అబ్బాయి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఒకనాడు ఏ వీడియో చూశాడో ఏమో, ఇంటిల్లిపాదినీ హాల్లోకి పిలిచి ప్రకటించాడు.

"ఇవాళ్టి నుంచి పిల్లలకి బయట కొన్న స్నాక్స్ బంద్. అన్నీ ఇంట్లోనే, నా చేత్తోనే. హండ్రెడ్ పర్సెంట్ హెల్దీ!"

మా కోడలు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. ఆవిడ ఆ రాత్రి మొదటి చియా పుడ్డింగ్‌ను గ్లాసులో చూసి, పైకెత్తి, లైటుకి ఎదురుగా పట్టుకుని, "ఇది స్నాకా, శాంపిలా?" అని అడిగింది. మావాడు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్న మనిషి చేతిలో గరిటె ఉంటే ఏమవుతుంది? పట్టుదల పెరుగుతుంది!

ఇక చూడండి. పాలల్లో చియా, పెరుగులో చియా, ఓట్స్‌లో చియా. ఆఫీసు మీటింగ్ నడుస్తూ ఉండగానే, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, "అవును సార్, తప్పకుండా సార్" అంటూ చియా ఉండలు చుట్టేవాడు. ఒకసారి మైకు మూయడం మరిచిపోయి "ఇది అంటుకోవట్లేదే, ఇంకాస్త నీళ్లు పొయ్యాలి" అన్నాడట. అవతల ఉన్న పెద్ద ఆఫీసరు దాన్ని ప్రాజెక్టు గురించి సలహా అనుకుని మెచ్చుకున్నాడట!

వాడు కాల్చిన చియా బిస్కెట్ ఒకటి కుంటుతున్న నా బల్ల కాలు కింద పెట్టాను. అప్పటినుంచి బల్ల కదిలితే ఒట్టు. చియా బార్ ఒకటి చెయ్యి జారి నేల మీద పడితే, టైలు పగిలింది గానీ బార్‌కు గీత కూడా పడలేదు. ఇంత బలమైన ఆహారం తింటే పిల్లలు ఎంత దృఢంగా తయారవుతారో మీరే ఊహించుకోండి!

తింటే కదా.

ఇక్కడ నా గదిని గురించి కొంచెం చెప్పాలి. నేను ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాణ్ణి. కొట్టు మూసేశాక నా బల్ల, సొరుగులు, పనిముట్లు, నేను, అందరం కలిసి ఇంటి వెనక గదిలోకి చేరాం. ఆ గదికి దారి వాషింగ్ మెషీన్ పక్కనుంచి. అక్కడిదాకా బట్టలు వస్తాయి గానీ మనుషులు రారు. మా వాళ్లు మంచివాళ్లు కాదని కాదు. బంగారంలాంటి కొడుకు, కోడలు, బంగారు పిల్లలు. టైముకి టీ వస్తుంది, మందులు వస్తాయి, భోజనానికి పిలుపు వస్తుంది. ఇంకేం కావాలి?

అలాంటి గది తలుపు ఒక సాయంత్రం దానంతటదే తెరుచుకుంది. మనవరాలు, మనవడు చెరో గిన్నె పట్టుకుని లోపలికొచ్చారు. మనవరాలిని ఇంట్లో అందరం ప్లీడరు అంటాం, మాటకు మాట అప్పజెబుతుంది కనుక. మనవణ్ణి తోక అంటాం, అక్క ఎక్కడుంటే వాడక్కడ ఉంటాడు కనుక. తోక తలుపు మూశాడు. ప్లీడరు మంచం మీద నా పక్కన కూర్చుంది.

"తాతయ్యా, నీకు ఆకలేస్తోందా?"

"లేదమ్మా, ఇప్పుడే టీ తాగాను."

"బాగా ఆలోచించుకుని చెప్పు."

ఆలోచించుకున్నాను. గిన్నెలవైపు చూశాను. గిన్నెల్లోంచి వందలాది కళ్లు నావైపు చూశాయి.

విషయం ఏమిటంటే, ఖాళీ గిన్నె చూపిస్తే తప్ప వాళ్ల నాన్న కిందికి వెళ్లి ఆడుకోనివ్వడు. సింకులో పారబోద్దామంటే జిగురు పట్టుకుని కదలదు, దొరికిపోతారు. కుండీలో వేస్తే మొలకెత్తింది! వీధికుక్కకు పెడితే వాసన చూసి, వీళ్ల మొహాలు చూసి, జాలిగా తోకాడించి వెళ్లిపోయిందట. ఆఖరికి నేను గుర్తొచ్చాను.

తిన్నాను. కన్నతండ్రి పిల్లలకు చేసిన వంటను వాడి కన్నతండ్రి తినడంలో తప్పేముంది? మొదటిరోజు తెలివితక్కువగా గబగబా మింగేశాను. మింగిన మరుక్షణం ఇద్దరూ గిన్నెలు లాక్కుని తుర్రుమన్నారు. అప్పటికి గానీ నాకు కిటుకు బోధపడలేదు. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా వాళ్లు నా గది దాటి వెళ్లలేరు!

అప్పటినుంచి నమలడం మొదలుపెట్టాను.

అయ్యా, చియా గింజ గొప్పతనం అక్కడే ఉంది. వేరే ఏ పదార్థమైనా నాలుగుసార్లు నమిలితే గొంతు దిగిపోతుంది. చియా దిగదు. నాలుక మీద ఒక ఆట, చిగుళ్ల మీద ఒక ఆట ఆడి, చివరికి పళ్లసెట్టు కింద దూరి కూర్చుంటుంది. ఇక పళ్లసెట్టు తీసి, కంటికి గడియారాల భూతద్దం తగిలించుకుని, సన్నటి పట్టకారుతో ఒక్కొక్క గింజనే లాగాలి. ఇది ఎంత ముచ్చటైన కాలక్షేపమో పళ్లున్నవాళ్లకు ఎలా చెప్పను? తోక నా చెయ్యి పట్టుకుని "అదిగో తాతయ్యా, మూలన ఇంకోటి!" అని ఎగిరేవాడు. తర్వాత్తర్వాత భూతద్దం వాడి కంటికే వచ్చింది, పట్టకారు ప్లీడరు చేతికి వచ్చింది. నేను బోసినోటితో కూర్చుని నవ్వేవాణ్ణి.

ఆ తీసే వ్యవహారంలో సొరుగులు తెరుచుకునేవి. "ఇదేంటి తాతయ్యా, అదేంటి?" అని ప్రశ్నలు. ఆగిపోయిన టేబుల్ గడియారం ఒకటి ముగ్గురం కలిసి విప్పాం. మళ్లీ బిగించడం ఇంకా కాలేదనుకోండి, అది వేరే సంగతి. స్కూలు కబుర్లన్నీ నాకే ముందు తెలిసేవి. ఏ టీచరు ఎవరి చెవి మెలేసింది, ప్లీడరు తన ప్రాణస్నేహితురాలితో ఎందుకు మాట్లాడడం మానేసింది, మళ్లీ ఎందుకు మొదలుపెట్టింది, అన్నీ నాకే! ఒకరోజు తోక కథ చెప్పమని పట్టుబట్టాడు. నోట్లో చియా ఉండడం వల్ల కథ కాస్త నత్తినత్తిగా నడిచింది. వాడికి అదే నచ్చి, తర్వాత చియా లేకుండా చెప్పిన కథ బాగాలేదన్నాడు.

ఇక ఆరోగ్యం మాటంటారా? నా రక్తం కోడలే వాళ్ల ల్యాబ్‌లో పరీక్షించింది. రిపోర్టు చూసి నమ్మలేక మళ్లీ పరీక్షించింది. "మామయ్యగారూ, మీకు కుర్రాళ్ల రిపోర్టు వచ్చిందండీ!" అంది. పిల్లల స్నాక్స్ నిజంగానే పిల్లల స్నాక్స్! మా అబ్బాయేమో ప్రతి ఆదివారం పిల్లల్ని తలుపు చట్రానికి ఆనించి పొడవు కొలిచి, "చూశారా, చియా పవర్!" అని మురిసిపోయేవాడు. నన్ను ఎవరూ కొలవలేదు. కొలిస్తే తెలిసేది!

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి గింజకు విగ్రహం పెట్టించినా తప్పుందా?

ఇంత చక్కగా సాగిపోతున్న సంసారంలో ఒక సెలవురోజు చిచ్చు రేగింది. కోడలు ఇంట్లో ఉంది. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్లి, మావాడు చేసిపెట్టిన చియా ఉండ ఒకటి కొరికింది. కొరికిన శబ్దం నా గదిదాకా వినిపించింది.

"ఏమండీ, ఇది మీరెప్పుడైనా తిన్నారా?"

"పిల్లలకోసం చేశాను కదా!"

"అంటే తినలేదన్నమాట."

"హెల్దీయే కదా, తినేదేముంది?"

కోడలు చీరకొంగు బిగించింది. ల్యాబ్‌లో మందులు కలిపినంత శ్రద్ధగా కొలిచి, వేయించిన వేరుశనగపప్పు, పండిన అరటిపండు, కోకో పొడి, రెండు చుక్కల తేనె, వాటిలో సరిపడా చియా కలిపి మెత్తటి ముక్కలుగా చేసింది. ఇల్లంతా ఘుమఘుమ! నా కొంప మునిగింది!

ఆ సాయంత్రం చెంచా పట్టుకుని మంచం మీద సిద్ధంగా కూర్చున్నాను. పిల్లలు స్కూలు నుంచి వచ్చిన చప్పుడైంది. వంటింట్లో నవ్వులు వినబడ్డాయి. "అమ్మా, ఇంకోటి!" అన్న కేక వినబడింది. గిన్నెలు రాలేదు. చాలాసేపటికి తోక ఒక్కడే పరుగెత్తుకుంటూ వచ్చి, నా అరచేతిలో ఒక ముక్క పెట్టాడు.

"ఇది తిను తాతయ్యా, సూపర్ ఉంది!"

వాడు మాట పూర్తిచేసేసరికే వాషింగ్ మెషీన్ దాటిపోయాడు. తిరిగివ్వాల్సిన గిన్నె లేదు మరి, ఎందుకు ఆగుతాడు? ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఏ మాటకామాట చెప్పుకోవాలి, అమృతంలా ఉంది. నాలుక మీద పెట్టగానే కరిగిపోయింది. తియ్యడానికి పళ్లసెట్టు కింద ఒక్క గింజయినా మిగల్లేదు!

ఊరుకుంటానా? మర్నాడు వంటింట్లోకి వెళ్లి ఆరోగ్యం మీద ఉపన్యాసం మొదలుపెట్టాను.

"అమ్మా, చిన్నపిల్లలకి తీపి మంచిది కాదేమో."

"రెండు చుక్కల తేనే మామయ్యగారూ."

"అరటిపండుతో జలుబు చేస్తుందేమో."

"మీరు రోజూ తింటున్నారుగా."

"అబ్బాయి చేసేదాంట్లో ఉన్న బలం దీంట్లో ఉందా అని..."

కోడలు నావైపు కాసేపు చూసింది. చాలా తెలివైన పిల్ల. నాకు ఆ ముక్కలు ఇంకా తినాలనుంది, అడగడానికి మొహమాటపడుతున్నానని ఇట్టే కనిపెట్టేసింది! సాయంత్రానికి నా బల్ల మీద డబ్బా నిండా ముక్కలు ప్రత్యక్షమయ్యాయి. ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. తిన్నకొద్దీ గది పెద్దదైపోతున్నట్టు అనిపించింది.

"దానికింత గొడవెందుకండీ, పిల్లల్ని పిలిస్తే వస్తారు కదా!" అని మీరనొచ్చు. పిలవకుండా ఉంటానా? పిలిచాను. వెంటనే వచ్చారు. గుమ్మంలో నిలబడి, "ఏంటి తాతయ్యా?" అన్నారు. ఏమిటని చెప్పను? "ఏం లేదు, వెళ్లి ఆడుకోండి" అన్నాను. వెళ్లారు. చెప్పిన మాట వినే పిల్లలు!

నిన్న తోకకు ముందుపన్ను ఊడిందట. నాకు ఆ సంగతి భోజనాల దగ్గర అందరితో పాటే తెలిసింది.

కాబట్టి పాఠక మహాశయులకు నాదొక విన్నపం. మీ ఇళ్లల్లో చూడగానే పిల్లలు పారిపోయే వంటకం ఏదైనా ఉంటే, తయారుచేసే పద్ధతి దయచేసి నాకు రాసి పంపండి. మా అబ్బాయికి వీడియోలో వచ్చిందని చెప్పి అప్పగిస్తాను. రుచీ పచీ ఉండకూడదు. జిగురు దండిగా ఉండాలి. ఆరోగ్యానికి మంచిదని వాడికి నమ్మకం కలగాలి, కోడలికి బాగుచేసే వీలు దొరక్కూడదు. గిన్నెలోనే తినేదై ఉండాలి, చేతికిచ్చి పరుగెత్తేది వద్దు.

నా పొట్ట ఏమైపోతుందోనని మీరేమీ బెంగపెట్టుకోకండి. పక్కన కూర్చునేవాళ్లుండాలే గానీ, గులకరాళ్లు నానబెట్టి పెట్టినా నెమ్మదిగా నమిలి అరిగించుకుంటాను.