కంపెనీకిచ్చిన గొంతు

సోమవారం పొద్దున సాలొమోను పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసుకు పోయి, అక్కడ మరిచిన తువ్వాలు, టిఫిన్ డబ్బా తెచ్చుకోవాలి. సత్యనారాయణపేటలోని ఇంటి నుంచి బండ్రి ఊరి పక్కనున్న గని ఆఫీసుకు తల నెరిసేదాకా తిరిగాడు. ఇనుపరాయి లారీల దుమ్ముకు ఏ ఊరు ఎదురు తిరిగినా కంపెనీ ఆయన్నే పంపేది. పోయి అరుగు మీద కూర్చుని, తిట్లు తిని, మజ్జిగ తాగి, కుదిరేదేదో కుదరనిదేదో చెప్పి వచ్చేవాడు. ఆ పనికి ఆఫీసులో పి.ఆర్.వో. అని పేరు. శనివారం ఆ పేరు పీకేశారు.

పీకించినవాడు బయటివాడైతే కడుపు అంతగా మండేది కాదు. సొంత అక్క కొడుకు కెన్నెత్. బెంగుళూరులో కంప్యూటర్లు చదివి ఊరికే తిరుగుతుంటే, మేనేజరు వెంకటకృష్ణయ్యను బతిమాలి తానే పనిలో పెట్టించాడు. ఇంటికో సెల్లు వచ్చిన రోజులు. వాడు ఒక మిషను తెచ్చాడు. అది ఒక్క పూటలో ఊళ్ళో ప్రతి సెల్లుకూ ఫోన్ చేసి మాట్లాడేస్తుందట. గొంతు మాత్రం మామది కావాలట.

"నీ గొంతంటే నమ్ముతారు మామా. నువ్వే మాట్లాడినట్టుండల్ల. ఒక మాట అడుగు, రవ్వంత ఆగు."

శుక్రవారం ఆఫీసులో కూర్చుని సాలొమోను అట్లే చేశాడు. "నేనప్పా, సాలొమోనును. బాగుండారా?" అని ఆగాడు. "శానా సంతోషం" అని ఆగాడు. "మీకేం కావల్లో చెప్పండి" అని ఇంకాస్త ఎక్కువే ఆగాడు. "అట్లే చేద్దాం. నాది పూచీ" అని ముగించాడు. గొంతు మిషనులో పడింది. మర్నాడే మనిషిని ఇంటికి పంపారు.

ఆదివారం ఆయన చర్చిలో కీర్తనల పుస్తకం పట్టుకుని నిలబడి ఉండగా, ఆయన గొంతు బండ్రిలో ఇల్లిల్లూ పలకరించింది. ఆ సంగతి తెలియక సోమవారం పోయేసరికి గేటు ముందు ఊరు ఊరంతా ఉంది. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మొదట వచ్చి చొక్కా పట్టుకున్నది నింగమ్మ. పోయిన వారమే కంపెనీ లారీ ఆమె ఎద్దును తొక్కేసింది.

"బాగుండారా అంటివి. యాడ బాగుండాము సాలొమోనప్పా, ఎద్దు సచ్చిపాయ అంటి. శానా సంతోషం అంటివి. నోరెట్లొచ్చె నీకు?"

ఆమె వదల్లేదు. ఎద్దు కావాలని, దారి మీద దుమ్ము అణగాలని అడిగితే అట్లే చేద్దాం అన్నాడట. ఒకరికి బోరు, ఒకరి కొడుక్కి డ్రైవరు పని, అన్నిటికీ పూచీ పడ్డాడట. దురుగప్పయితే, అలిగి పుట్టింటికి పోయిన పెళ్ళాన్ని తెచ్చిమ్మన్నాడట. దానికీ సరే అన్నందుకు తలంటుకుని తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు.

ఆఫీసు మేడ మీద నుంచి జనాన్ని చూసి కెన్నెత్ భయపడ్డాడు. మంచి మాట చెప్పిస్తే చల్లబడతారనుకున్నాడు. వాడి దగ్గర ఉన్న మంచి మాట అదొక్కటే. మళ్ళీ మీట నొక్కాడు. గుంపులో సెల్లులన్నీ ఒక్కసారిగా మోగాయి. సాలొమోను నోరు మూసుకుని ఎదురుగా నిలబడి ఉండగానే, చెవి చెవికీ ఆయన గొంతు బాగుండారా అని అడిగింది. జనం ఫోన్‌నూ ఆయన్నూ మార్చి మార్చి చూశారు. నింగమ్మ చొక్కా వదిలేసింది.

ఇదే అదననుకుని వెంకటకృష్ణయ్య మెట్లు దిగి వచ్చాడు. మాట్లాడింది మిషను అని, మిషను మాటకు కంపెనీ బాధ్యత లేదని, ఈ సాలొమోను అసలు తమ మనిషే కాదని తేల్చేశాడు. తప్పించుకోవడానికి సాలొమోనుకు దారి దొరికింది. దాంతోపాటే కంపెనీకీ దొరికింది. అది చూసేసరికి ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"మిషను గాదు. నేనే అన్నా" అన్నాడు. "శుక్రవారం కంపెనీ మనిషిగా, కంపెనీ ఆఫీసులో కూచోని అన్నా. ఎద్దు ఇయ్యల్ల. దారికి నీళ్ళు కొట్టల్ల. అయ్యేదాకా ఒక్క లారీ కదల్దు."

పోయి మొదటి లారీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన నింగమ్మ, వెనక ఊరు. కెన్నెత్ పరుగున వచ్చి చెవిలో గొణిగాడు.

"మిషనంటే అయిపోయేది గదా మామా. నీకేంది ఈ గోల?"

"మిషనుకు చొక్కా ఉండాదేంరా, పట్టుకునేదానికి?"

అవతల స్టేషనులో ఈ లారీల ఇనుపరాయి కోసం గూడ్సు రైలు నిలబడి ఉంది. ఎండ నెత్తికెక్కేసరికి మేనేజరు దిగివచ్చాడు. ఎద్దు ఇస్తామన్నాడు. నీళ్ళ ట్యాంకరు అప్పటికప్పుడే గేటు దాటింది. మిగతావి కుదరవని సాలొమోనే జనానికి చెప్పాడు. ఆయన చెప్పాడు గనుక విన్నారు. రేపటి నుంచి పనిలోకి రమ్మని వెంకటకృష్ణయ్య మెల్లగా అన్నాడు. సాలొమోను ఆయన వైపు చూడకుండా పంచె దులుపుకున్నాడు.

"ఇంగ మీరే పోండి సార్ ఊర్లోకి. తిట్లు తినేది ఎవురైనా నేర్చుకోవచ్చు."

బండ్రి వాళ్ళు ఆయన్ను ట్రాక్టరెక్కించుకున్నారు. కదిలీ కదలకముందే ఒకడు తాలూకాఫీసు పని చెప్పాడు, ఇంకొకడు కరెంటాఫీసు పని చెప్పాడు. పని పోయినవాడికి ఇంత పని ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.