మన యాసకు పర్మనెంటు ఉద్యోగం

సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసకు చోటు లేదని ఎవరండీ ఏడ్చేది? కళ్ళు తుడుచుకుని వినండి. చోటుంది! పర్మనెంటు ఉద్యోగమే ఉంది!

పల్లెటూరి కుటుంబ కథ ఏదైనా తీసుకోండి. ఇంటిపెద్ద గారు కృష్ణా ఒడ్డు భాషలో నీతులు చెబుతారు. రౌడీకి ఇంకో ప్రాంతం యాస. సేటుకు వచ్చీరాని తెలుగు. పశువుల పాకలో పాలేరు మాత్రం కచ్చితంగా మనవాడే. ఒక్క పెరట్లో ఇన్ని ప్రాంతాలకు పని చూపించడమంటే మాటలా? రేషను షాపులో పంచదారైనా ఇంత న్యాయంగా పంచుతారా?

ఈ మేలు హిందీ మాట్లాడే భిలాయిలో అందరికంటే ఎక్కువగా పొందింది నూకరత్నం. సెక్టర్ 2 మార్కెట్లో కిరాణా కొట్టు ఆమెది. విజయనగరం వైపు నుంచి వచ్చి ఏళ్ళు గడిచినా నోట్లో మాట మాత్రం మారలేదు. ఆమెకున్న బెంగల్లా కూతురు కనకలత గురించే. "అన్నం తింతావేటే?" అని తల్లి అడిగితే, "నహీ, భూఖ్ నహీ హై" అంటుంది పిల్ల. ఆకలి లేదట! సెలవులకి అమ్మమ్మ వస్తే ఈ గుంట ఏం మాట్లాడుతుందిరా దేవుడా అని తల్లి ప్రాణం కొట్టుకునేది.

తెలుగు సంఘం కార్యదర్శి వెంకటరత్నంగారు అచ్చమైన బెజవాడ మనిషి. ఆయనే మందు చెప్పారు.

"ఆదివారం మార్నింగ్ షోకి మన సినిమా వేయిస్తున్నాం. పిల్లని తీసుకురామ్మా. భాష దానంతటదే వస్తుంది."

వచ్చింది కూడా! తెర మీద ఇంటిపెద్ద గంభీరంగా డైలాగులు చెబుతున్నంతసేపూ కనకలత దిక్కులు చూసింది. ఆ తెలుగు ఒక్క ముక్క తలకెక్కితే ఒట్టు. పాలేరు నోరు విప్పాడో లేదో, పిల్ల నిటారుగా కూర్చుంది. "మమ్మీ, యే తో తుమ్హారీ బోలీ హై!" అంది. నీ మాటే కదా అని! పాపం, ఆ పాలేరు నోరు తెరిచినప్పుడల్లా తన్నులు తిన్నాడు. హాలంతా నవ్వింది. నూకరత్నం కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. సొంత యాస తెర మీద వినబడితే ఆ మాత్రం సంబరం ఉండదా మరి?

అది మొదలు ఇంట్లో తెలుగే తెలుగు! నడుముకి తువ్వాలు బిగించి, నడ్డి వంచి కనకలత పాలేరు మాటలన్నీ వల్లెవేసింది. ఉచ్చారణ చూస్తే నిన్నగాక మొన్న చీపురుపల్లిలో రైలెక్కి వచ్చినట్టుంది. నూకరత్నం కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ బెల్లంముక్క చేతిలో పెట్టి మరీ ఆ ముచ్చట చెప్పుకుంది.

ఆ ఊపులోనే సంఘం వారి మాతృభాషా పోటీ వచ్చింది. వేమన పద్యాలూ సుమతి పద్యాలూ పోటీపడి అప్పజెప్పిన పిల్లలంతా వెనకబడ్డారు. మన కనకలత స్టేజీ ఎక్కి, "నానేటి సేసినాను బాబుగోరూ! నన్ను తన్నితే మీ కాలే నొప్పెడతాది బాబుగోరూ!" అనేసరికి హాలు కేకలతో ఊగిపోయింది. ఇంకేముంది, ఫస్టు ప్రైజు!

"పరాయి గడ్డ మీద మన భాష బతుకుతోందంటే ఇలాంటి బిడ్డల వల్లే!" అని వెంకటరత్నంగారు గద్గదంగా అన్నారు.

నూకరత్నం ఆగలేకపోయింది. స్టేజీ మీదకి పరుగెత్తి కూతుర్ని గట్టిగా వాటేసుకుంది.

"ఓలమ్మ నా తల్లే! ఎంత బాగా సెప్పినావే! మాయమ్మ ఇంటే ఎంత సంబరపడతాదో!"

కనకలత మొహం ఎర్రబడింది. తల్లి చేతుల్లోంచి విదిలించుకుంది.

"మమ్మీ, ఐసే మత్ బోలో. సబ్ సున్ రహే హై. నౌకర్ జైసా లగ్తా హై."

అలా మాట్లాడకూడదట. అందరూ వింటున్నారట. నౌకరులా ఉందట!

నూకరత్నానికి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో వెంకటరత్నంగారు మైకు ఆమె చేతికిచ్చారు. "పిల్లకి మన తెలుగు ఇంత చక్కగా ఎలా నేర్పావో రెండు ముక్కలు చెప్పమ్మా!"

ఆమె నోరు తెరిచింది. కూతురు వైపు చూసింది. పిల్ల తల అడ్డంగా ఊపుతోంది.

"బహుత్ ఖుషీ హుయీ," అంది నూకరత్నం. "సబ్‌కో ధన్యవాద్."

అప్పుడు కనకలత దగ్గరకొచ్చి, గర్వంగా తల్లి చెయ్యి పట్టుకుంది.