ప్రతి సాయంత్రం మాయమయ్యే వాషింగ్ మెషిన్

"రాసిపెట్టుకో సాయీ. ఈ తూర్పు సౌదీ మొత్తం మీద నాలాంటి బుర్ర ఇంకొకటి లేదు. ఒకవేళ ఉన్నా, దానికి ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు ఉండదు."

హరనాథ్ ఈ మాట అన్నప్పుడు మా ఇంట్లో పెసరట్టు తింటున్నాడు. డిటెక్టివ్ అన్నాక నల్లద్దాలు తీయకూడదట. అందుకని చట్నీ గిన్నె అనుకుని అట్టుముక్కను రెండుసార్లు నా టీలో ముంచాడు. ఆ టీ నేనే తాగేశాను. అది మా స్నేహంలో నా వాటా.

ఖోబర్‌లోని అజీజియాలో మావి పక్కపక్క బిల్డింగులు. నేను జుబైల్లో సైట్ ఇంజనీర్ని. వాడు ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. అంటే డ్రాయింగు మీద ‘అప్రూవ్డ్’ ముద్ర గుద్ది బీరువాలో దాచి, ముద్ర లేని కాగితం ఎక్కడ కనబడ్డా లాగి చింపేసే ఉద్యోగం. మిగతా వేళల్లో డిటెక్టివ్. అప్పటికి వాడు ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన ఎడమ చెప్పుది. అది వాడి కుడికాలికే దొరికింది.

ఈసారి కేసు మా ఆవిడ ఇంద్రజది. ఇది మాత్రం నవ్వులాట కాదు.

సర్కారు లెవీ వచ్చాక మా బిల్డింగులో సగం కుటుంబాలు ఫైనల్ ఎగ్జిట్ మీద ఊళ్లకి తిరిగి వెళ్లిపోయాయి. భార్యకీ పిల్లలకీ తలకింతని కట్టాలి, అది ఏటేటా పెరుగుతుంది. పైగా సౌదీ వాళ్లని సరిపడా పెట్టుకోలేదని సర్కారు వారి నితాకత్ లెక్కలో మా కంపెనీ పచ్చరంగు పోయి పసుపులో పడింది. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంద్రజకు ఉద్యోగం దొరికితే అందరం ఇక్కడే ఉంటాం. దొరక్కపోతే స్కూలు సెలవులివ్వగానే తనూ పాపా కాకినాడకి, నేను బ్యాచిలర్ల గదికి. ఆ మాట పైకి అనడం ఇద్దరం మానేశాం.

వెళ్లిపోయేవాళ్లు తమ మంచాలూ ఫ్రిజ్జులూ ఉండేవాళ్లకి ఇచ్చుకోవడానికి మా తెలుగువాళ్లు కొందరు కలిసి ఒక వెబ్‌సైట్ కడుతున్నారు. ఎవరింట్లో వాళ్లు కోడ్ రాసి, అందరిదీ ఒకచోట చేరే రెపోలోకి పంపుతారు. రెపోలో ఏది ఉంటే సైట్లో అది కనబడుతుంది. ఆ రెపో తెరిచి, తాళాలు దగ్గర పెట్టుకున్న పెద్దమనిషి హరనాథ్. ప్రకటనలు పెట్టే పేజీ ఇంద్రజ వంతు. పరీక్షకని అందులో మా వాషింగ్ మెషిన్నే పెట్టింది: ‘మంచి కండిషన్, ఉచితం.’

దమ్మామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు మస్తాన్ వలీగారు, గుంటూరాయన, "సర్టిఫికెట్లు తర్వాత చూద్దాంలే అమ్మా. సైట్లో నీ పని చూపించు" అన్నారు.

చూపిద్దామంటే ఆ పేజీ నిలవడం లేదు. పగలంతా ఉంటుంది, చీకటిపడ్డాక ఇషా నమాజు వేళకి మాయమవుతుంది.

"రోజూ మళ్లీ పంపుతున్నాను అన్నయ్యగారూ, రోజూ పోతోంది" అంది ఇంద్రజ. "రేపు ఇషా తర్వాత ఆయన వీడియో కాల్ చేస్తానన్నారు. అప్పుడు కూడా లేకపోతే ఇక మా పని అయిపోయినట్టే."

"భయపడకు చెల్లెమ్మా. రెపోలో దొంగ పడ్డాడు. వాడు మన మధ్యే ఉన్నాడు. ఈ గదిలోనే ఉన్నా ఉండొచ్చు."

గదిలో మేం ముగ్గురం కాక, నిద్రపోతున్న పాప ఉంది. హరనాథ్ పాపను కూడా ఒకసారి పరిశీలనగా చూశాడు.

తర్వాత వేలిముద్రల కోసం ఇంద్రజ ల్యాప్‌టాప్ మీద పాప పౌడరు డబ్బా ఒంపాడు.

"నీకు శత్రువులెవరైనా ఉన్నారా చెల్లెమ్మా?"

"ఇందాకటి దాకా లేరండి" అంది ఇంద్రజ, కీబోర్డు బోర్లించి దులుపుతూ.

గుమ్మం దాకా సాగనంపడానికి వెళితే నా భుజం మీద చెయ్యేశాడు. "నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు సాయీ?"

"సైట్లో. కాంక్రీటు పోయిస్తున్నాను."

"సాక్షి?"

"మిక్సరు."

అదోలా నవ్వి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ నవ్వెందుకో నాకప్పుడు బోధపడలేదు.

మర్నాడు సాయంత్రం పాలూ బిస్కెట్లూ కొందామని మా సందులోని దిలావర్ బకాలా కొట్టుకి వెళ్లాను. కొట్లో నీళ్ల కార్టన్ల వెనక ఒక అరబిక్ పేపరు తలకిందులుగా నిలబడి ఉంది. దాని పైన నల్లద్దాలు, కింద ఎర్రబూట్లు.

"హరనాథూ, నువ్వేనా?"

"కాదు" అంది పేపరు.

కాదన్నాక ఏం చేస్తాం. ఈలోగా ఇషా అజాన్ మొదలైంది. "సాయి భాయ్, నమాజ్ కా టైమ్ హో గయా, చలో చలో" అని దిలావర్ షట్టరు సగం దించాడు. నమాజు వేళ ఏ కొట్టూ తెరిచి ఉండకూడదు కదా. నేను వంగి బయటపడ్డాను. వాడూ నా వెనకే వస్తాడనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే వాడి గురించి ఆలోచించే స్థితిలో లేను.

ఇంటికొచ్చేసరికి ఇంద్రజ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చీరకొంగు మెలిపెడుతోంది. నమాజు ముగించుకుని మస్తాన్ వలీగారు కాల్ చేశారు. సైట్ తెరిచారు.

వాషింగ్ మెషిన్ అక్కడే ఉంది. ఇషా దాటాక దాన్ని చూడటం మాకు అదే మొదటిసారి.

ఆయన చాలాసేపు అటూ ఇటూ నొక్కి చూశారు. "పని శుభ్రంగా ఉందమ్మా. ఈ వాషింగ్ మెషిన్ నిజంగానే ఇచ్చేస్తున్నారా?"

"ఇంకా తెలీదండి" అంది ఇంద్రజ. "మీరు చెబితే తెలుస్తుంది."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "అంతా బాగానే ఉంది గానీ తల్లీ, పంపినవాళ్ల పేరు ప్రతిచోటా సాయితేజ అని ఉంది. ఇది మీ ఆయన రాశారా?"

డిపెండెంట్ వీసా కాపురాల్లో సిమ్ మొగుడి పేరునే, నెట్టు మొగుడి పేరునే, అద్దె అగ్రిమెంటు మొగుడి పేరునే. అదే అలవాటుగా ల్యాప్‌టాప్‌లోనూ నా పేరే కొట్టి పెట్టాను. ఇన్నాళ్లూ తన పనంతా నా పేరు మీద వెళ్తోందని ఇద్దరం చూసుకోలేదు.

"నేనే రాశానండి" అంది ఇంద్రజ.

"నిజమే కావొచ్చమ్మా. కానీ మా పైవాళ్లకి నేనేం చూపించను?"

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది. భుజాన పగిలిన కోడిగుడ్డుతో, జుట్టునిండా మైదాపిండితో హరనాథ్ లోపలికొచ్చి నావైపు వేలు చూపించాడు.

"ఎవరూ కదలొద్దు. దొంగ వీడే. రెపో తెరిచిన దగ్గర్నుంచీ వీడి పేరు మీద రోజూ ఏదో ఒకటి వచ్చి పడుతోంది. నా ముద్ర లేకుండా. ఊరుకుంటానా? ఇషాకి కొట్లన్నీ మూసేస్తారు, నాకు వేరే పనుండదు. రోజూ ఆ టైముకి కూర్చుని, వీడు పెట్టిందంతా పీకేసి, నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న రివిజన్ జీరో, అంటే మొదటి ఖాళీ పేజీ, మళ్లీ ఎక్కిస్తున్నాను. నిందితుడికి తెలియకూడదని నోరు మెదపలేదు. ఇవాళొక్కరోజే కుదర్లేదు. వీణ్ణి వెంబడిస్తూ వెళితే ఆ దిలావర్ నన్ను లోపలేసి షట్టరు దించేశాడు."

ఇంద్రజ మెల్లగా లేచి నిలబడింది. "రోజూ నా పేజీ పీకేస్తోంది మీరా?"

"ఛఛ, నేను పీకేది దొంగసరుకు చెల్లెమ్మా. నీది పీకేది వేరెవరో. ఆ కేసు ఇంకా నడుస్తోంది."

"ఏవండీ" అన్నారు తెరమీంచి మస్తాన్ వలీగారు. "అయితే ఆ కోడ్ ఈ సాయితేజగారే రాశారంటారా?"

హరనాథ్ ల్యాప్‌టాప్‌కి సెల్యూట్ కొట్టాడు. "వీడా సార్? వీడికి ఫోన్లో అడ్డంగా వచ్చిన ఫొటో నిలువుగా తిప్పడం రాదు. పైగా అవి వచ్చిన టైముల్లో వీడు జుబైల్లో ఉన్నాడు, వాళ్ల గేటు దగ్గర కనుక్కున్నాను. పగలంతా ఈ ఇంట్లో ఉండి, కోడ్ రాయడం వచ్చినవాళ్లెవరో వీడి పేరు వాడుకుంటున్నారు. అంతవరకూ తేల్చాను. ఆ మనిషెవరన్నదే అంతుచిక్కడం లేదు."

మస్తాన్ వలీగారు కళ్లజోడు తీసి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

"నాకు చిక్కిందిలెండి. అమ్మా ఇంద్రజా, ఆ ప్రకటన తీసెయ్. ఇక్కడే ఉండేవాళ్లకి బట్టలుతుక్కోవాలి కదా. మీ ఇకామా మా కంపెనీ మీదికి మార్చే కాగితాలు రేపు మొదలుపెడతాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. హరనాథ్ నా వీపు నిమిరాడు. "పశ్చాత్తాపం మంచిదేరా. నేరం ఒప్పుకుంటే మనసు తేలికపడుతుంది."

కాల్ ముగిశాక ఇంద్రజ ముందుగా ల్యాప్‌టాప్‌లో నా పేరు చెరిపి తన పేరు కొట్టింది. తర్వాత హరనాథ్ ముందు చెయ్యి చాపి పెన్‌డ్రైవ్ పుచ్చుకుంది. ఎందుకని వాడు అడగలేదు, సాక్ష్యంగా దాస్తోందనుకున్నాడు.

మర్నాడు సైట్లో కాంక్రీటు పోయిస్తుంటే వాడి ఫోనొచ్చింది. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"సాయీ, రెపోలో కొత్త మనిషెవరో దిగింది. పేరు ఇంద్రజట. మీ వాషింగ్ మెషిన్ని లేపేసింది. ఎవరో నీకేమన్నా తెలుసా?"

"తెలుసు" అన్నాను. మిక్సరు చప్పుడులో వాడికి వినబడలేదేమోనని సైటంతా వినబడేలా ఇంకోసారి చెప్పాను. "మా ఆవిడ."