మత్స్యమిత్రుడి విన్నపం

ఆ ఉదయం కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం చిన్నదే. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, షాపుకు సెలవు చెప్పడం, పదకొండింటికి వీడియో గేముల కంపెనీకి వెళ్లి ముప్ఫై రెండు పేజీల విన్నపాన్ని కొత్త ఛైర్మన్ చేతిలో పెట్టడం. పేటలో సగం మందికి చూపు పరీక్షించి అద్దాలు బిగించే ఈ పెద్దమనిషి పదకొండేళ్లుగా ‘రాతికోట’ అనే గేము మూడో భాగం కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు. రెండో భాగం చివర్లో వీరుడు కోటగోడకు తాడు పట్టుకుని వేలాడుతుండగా ‘ఇంకా ఉంది’ అని పడింది. ఆ తర్వాత కంపెనీ దివాలా అంచుకు చేరింది, ముగ్గురు ఛైర్మన్లు మారారు. వీరుడు మాత్రం అలాగే వేలాడుతున్నాడు.

నాలుగో ఛైర్మన్ మొన్నటిదాకా షాంపూలు అమ్మినవాడు. కుర్చీలో కూర్చోగానే “ఇకపై అభిమానుల మాటే మా మాట” అని ప్రకటించి, వంద మందిని ఆఫీసుకు పిలిచాడు. మనవాడికీ పిలుపొచ్చింది.

“ఇన్నాళ్లకు నన్ను గుర్తించారు,” అన్నాడు భార్యతో, కాలరు సర్దుకుంటూ.

“షాంపూలాయనకు గేముల సంగతేం తెలుసండీ?”

“తెలియకపోవడమే మంచిది. చెబితే వింటాడు.”

కంపెనీ గుమ్మం దగ్గర ఉద్యోగిని ఆయన మెడలో ఒక బిళ్ల వేసింది. దాని మీద ‘రజత మత్స్యమిత్ర’ అని ఉంది. పిలుపు ఎందుకొచ్చిందో ఆయనకు అప్పుడర్థమైంది. ఇదే కంపెనీకి ఫోన్లో ‘చేపల తొట్టి’ అని ఇంకో ఆట ఉంది. పొద్దున మేత, సాయంత్రం మేత, నడుమ ప్రకటనలు. అత్తగారు తన ఆటకు అడ్డు రాకుండా ఉంటుందని మూడేళ్ల కిందట ఆయనే దాన్ని తన ఖాతాతో ఆవిడ ఫోన్లో పెట్టిచ్చాడు. ఆవిడ రోజుకు ఆరు గంటలు అందులోనే మునిగి ఉంటుంది.

నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఎదురుగా గోడ మీద ‘ఖాతా వేరొకరికి ఇచ్చినచో రద్దు’ అని ఉంది. రద్దయితే అత్తగారి చేపలన్నీ గల్లంతు. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి? నోరు మూసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఛైర్మన్ నేరుగా ఆయన్నే వేదిక మీదికి లాగాడు. “ఈయన్ని చూడండి! మూడేళ్లలో ఒక్క పూట మేత మానలేదు. ఎలా కుదిరింది సార్?”

“ఇంట్లో... ప్రోత్సాహం ఉంది.”

చప్పట్లు మోగాయి. “ఏ చేపంటే మీకిష్టం?”

“ఎర్రది,” అన్నాడు, ఎక్కడో ఒక ఎర్రది ఉండకపోదులే అని. మళ్లీ చప్పట్లు. ఇక లాభం లేదని గొంతు పెంచాడు. “అది కాదు సార్, రాతికోట...”

“అక్కడికే వస్తున్నా! మా పాతవాళ్లు ఇంకా కోట, కోట అంటున్నారు. మీ ఖాతా చూశాను. మూడేళ్లుగా మీరు ఆ కోట గుమ్మం తొక్కలేదు.”

“పాత మెషీన్లో ఆడతాను సార్, నెట్ లేకుండా.”

“నెట్ లేకుండా ఆడితే ఆడారని మాకెలా తెలుస్తుంది సార్?” హాలంతా గొల్లుమంది. ఛైర్మన్ ఆయన చేతిలోని కాగితాల కట్ట లాక్కుని పైకెత్తాడు. “ఇదిగో, చేపల మీద ఎన్ని పేజీలు రాసుకొచ్చారో!” ఒక్క పేజీ తిప్పి చూస్తే ఒట్టు. “ఇలాంటి అభిమానుల కోరికపై రాతికోట మూడో భాగం ఆపేస్తున్నాం. ఆ జట్టంతా రేపట్నుంచి ‘చేపల తొట్టి–రెండు’ మీద పనిచేస్తుంది.”

కళ్లజోళ్లాయనకు నిజంగానే ఏడుపొచ్చింది. పదకొండేళ్ల ఆశను తన మెడలోని బిళ్లే మింగేసింది. చూసినవాళ్లు ఆనందబాష్పాలనుకుని ఫొటోలు తీశారు.

కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి ఆయన పాత మెషీన్ ముందు అత్తగారు బాసింపట్టు వేసుక్కూర్చుని ఉంది.

“వచ్చారా అల్లుడుగారూ! ఆ చేపలు విసుగెత్తిపోయాయి. రెండు పూటలా ఇంత మేత పడేసి, వారంగా మీ కోటే ఆడుతున్నా. రెండు భాగాలూ అయిపోయాయి. పాపం, ఆ అబ్బాయి తాడుకు వేలాడుతున్నాడు. మూడోది ఎప్పుడొస్తుందట? కనుక్కున్నారా?”

ఆయన మెడలోని బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు.

“సరే, నేనింకోసారి మొదట్నుంచి ఆడతా. ఆ ఫోనందుకుని చేపలకు కాస్త మేత వెయ్యండి.”

వేశాడు. చేపల తొట్టి మీద అభిమానుల మక్కువ మరింత పెరిగిందని ఆ సాయంత్రమే కంపెనీ ప్రకటించింది.