గంటె ముందు మర్యాద

మనిషికీ పశువుకూ తేడా "గారు" అన్న మాటలోనే ఉందని పెద్దదోర్నాల పక్కనున్న మా ఊరి బడికి ఈ ఏడాది తెలిసింది. తెలియజేసినవారు మర్యాద భాషా పర్యవేక్షకులు కరుణాకరం గారు. (అంతకుముందు ఆ పదవి లేదు. మర్యాద ఉండేదని కొందరి అనుమానం.)

అప్పటిదాకా మా పిల్లలు అందరినీ వరస పెట్టే పిలిచేవాళ్లు. మధ్యాహ్నం అన్నం వండే యల్లమ్మ బడికంతా అవ్వ. నాలుగో తరగతి సుప్రియ వాళ్లమ్మ తెల్లారకముందే మిరపకాయల కోతకు పోతుంది. ఇంట్లో పొయ్యి మళ్లీ సాయంత్రమే వెలుగుతుంది. అందుకని ఆ పిల్ల పళ్లెం ఖాళీ కాగానే, "అవ్వా, ఇంకో గంటె ఎయ్యి," అనేది.

"నీది కడుపా, గాదెనా?" అని తిట్టి యల్లమ్మ రెండు గంటెలు వేసేది.

ఇది క్రమశిక్షణ లేని సంభాషణ అని కరుణాకరం గారు తేల్చారు. ఇకమీదట అడిగేవాళ్లూ పెట్టేవాళ్లూ ఆఫీసు భాషలోనే మాట్లాడాలి. తప్పితే యల్లమ్మ పని పోతుంది. అమలు చూడటానికి ఆయన వంటగది ముందే కుర్చీ వేసుకున్నారు.

మర్నాడు సుప్రియ పళ్లెం పట్టుకొని నిలబడింది.

"గౌరవనీయులైన వంటవారికి నమస్కారం. మరికొంత అన్నం వడ్డించవలసిందిగా కోరుచున్నాను."

యల్లమ్మ గంటె ఎత్తి ఆగింది. ఆమెకు తెలిసిన ఆఫీసు భాషంతా పింఛను కోసం తిరిగినప్పుడు విన్నదే. అదే చెప్పింది.

"పరిశీలిస్తామండి. రేపు రండి."

(ఉచ్చారణ బాగుందని కరుణాకరం గారు మెచ్చుకున్నారు.)

మర్నాడు సుప్రియ మళ్లీ వచ్చింది. "సారు క్యాంపుకు పోయినారండి," అంది యల్లమ్మ, పళ్లెం వైపు చూడకుండా. ఆ మర్నాడు సర్వర్ పని చేయలేదు. అన్నం మాత్రం గుండిగలోనే ఉంది. తర్వాత పిల్లలెవరూ అడగలేదు.

పర్యవేక్షణ చివరి రోజు కరుణాకరం గారూ భోజనానికి కూర్చున్నారు. ఆయన సొంతూరు కురిచేడు పక్క పల్లె. పప్పు రుచిగా తగిలిందేమో, "అవ్వా, ఇంకో గంటె ఎయ్యి," అన్నారు. యల్లమ్మ వేసింది. (పర్యవేక్షకులకు నిబంధన వర్తించదు.)

చెయ్యి కడుక్కుంటూ సుప్రియను అడిగారు.

"ఏమ్మా, కడుపు నిండిందా?"

"నిండినదండి. ధన్యవాదములు."

ఆయన నివేదిక పంపించారు. ఈ బడి పిల్లలకు భాష వచ్చింది, రెండోసారి అన్నం అడిగేవారు ఒక్కరూ లేరు, కాబట్టి వచ్చే నెల నుంచి బియ్యం తగ్గించవచ్చును.