బీట్‌రూట్ మత్తు

మందు లేని మందు కనిపెట్టినవాడికి కూడలి కూడలిలోనూ విగ్రహం పెట్టాలని నా అభిప్రాయం. నవ్వకండి. నిప్పు, చక్రం, లిఫ్టు, మూడూ కలిపి త్రాసులో ఒక పక్క వెయ్యండి. ఇటలీ వాళ్ళు భోజనానికి ముందు తాగే ఆ ఎర్రటి చేదు పానీయాన్ని, ఆల్కహాల్ లేకుండా చేసినదాన్ని, రెండో పక్క పెట్టండి. ముల్లు ఎటు మొగ్గుతుందో మీరే చూడండి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దాని పేరు అపెరిటిఫ్. ఆకలి పుట్టడానికి తాగుతారు. ఇన్నాళ్ళూ మనకి ఆకలి దానంతటదే పుట్టేది! ఎంత అనాగరికంగా బతికామో ఆలోచించండి. నారింజ తొక్కలు, చేదు వేళ్ళు, పంచదార నీళ్ళలో వేసి మరిగించాలి. చల్లార్చి వడగట్టి, సోడా, ఐసు కలిపి, గ్లాసు అంచుకి ఒక నారింజ ముక్క తగిలించాలి. ఆ తర్వాత మొహం చిట్లించకుండా తాగాలి. అన్నిటిలోకీ ఆ చివరి పనే కష్టం.

మత్తే లేనప్పుడు తాగడం ఎందుకని అడుగుతారా? అక్కడే పప్పులో కాలేశారు. అంత మత్తు అసలు మందులో కూడా ఉండదు. నమ్మకపోతే టెంపరరీ బాబాయి సంగతి వినండి.

బాబాయి కుళాయిలు తయారుచేసే కంపెనీలో స్టోర్సు గుమాస్తా. వాషర్లు, నట్లు, రబ్బరు బిళ్ళలు, పాలిష్ గుడ్డలు, ఏది కావాలన్నా చీటీ చూసి లెక్కపెట్టి ఇస్తాడు. చేరేనాటికి జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు జుట్టు పర్మనెంటుగా తెల్లబడింది గానీ ఉద్యోగం మాత్రం ఇంకా టెంపరరీయే. మూడు నెలలకోసారి సాయంత్రం ఉద్యోగంలోంచి తీసేసి మర్నాడు పొద్దున్నే మళ్ళీ పెట్టుకుంటారు. మధ్యలో ఆ ఒక్క రాత్రీ ఆయన నిరుద్యోగి. ఆ రాత్రి అత్తగారు ఆయన్ని అదోలా చూస్తుంది.

ఆయన తర్వాత చేరినవాళ్ళు, ఆయన దగ్గరే వాషర్ల సైజులు నేర్చుకున్నవాళ్ళు, ఒకరి వెనక ఒకరు పర్మనెంటయిపోయారు. అయ్యాక గౌరవం కొద్దీ ఆయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టారు. బాబాయికి లోకంలో కావలసింది ఒక్కటే, రిటైరయ్యేలోగా పర్మనెంటు కావడం. ఎందుకంటే టెంపరరీ వాళ్ళకి రిటైర్మెంటు కూడా ఉండదు. ఒకరోజు రావడం మానేస్తారు, అంతే.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తర్వు ఊడిపడింది. ఏటా స్టాకు లెక్క పూర్తయిన సాయంత్రం క్యాంటీన్లో విందు జరుగుతుంది కదా, ఇకమీదట అందులో చుక్క మద్యం ఉండకూడదట.

మేనేజరు బెంగపెట్టుకున్నాడు. విందులో గ్లాసు పట్టుకోకపోతే ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఏదో సమావేశానికి వెళ్ళినప్పుడు ఒక హోటల్లో ఈ ఎర్ర పానీయం ఆయన కంటపడింది. చూడ్డానికి అచ్చం మందే, ఉత్తర్వుకి మాత్రం అడ్డు రాదు. ఇంట్లోనే చేసుకోవచ్చట, ఎవరైనా చేసుకొస్తారా అని అందరినీ పిలిచి అడిగాడు. పర్మనెంటు ఉద్యోగులంతా ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. పర్మనెంటు వాళ్ళకి ఆ సౌకర్యం ఉంది. బాబాయి చెయ్యెత్తాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన వంటింటిని ఆక్రమించాడు. పంచదార డబ్బాకి ఫోన్ ఆనించి వీడియో పెట్టుకున్నాడు. నారింజ తొక్క గీయాలి గానీ దాని కింది తెల్ల పొర మాత్రం అంటకూడదని వీడియోలో మనిషి ముద్దుముద్దుగా చెప్పాడు. మధ్యాహ్నానికి వంటింటి నిండా తొక్క ఊడిన నారింజలే. పక్కింటివాళ్ళకి పంచిపెడితే, వాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, వీటికేం జబ్బు చేసిందని అడిగారు.

చేదు వేరు మూలికల దుకాణంలో దొరికింది. అంగుళం ముక్క చాలని వీడియో చెప్పింది. కానీ ఆఫీసులో జనం ఎక్కువ కదా! బాబాయి గుప్పెడు వేశాడు. రంగు కోసం ఇటలీలో ఏం వేస్తారో ఆ దేవుడికే తెలియాలి, బాబాయి బీట్‌రూట్ తురిమి వేశాడు. గిన్నె పొంగింది. గోడ ఎర్రబడింది, ఫ్రిజ్ పిడి ఎర్రబడింది. ఆయన భార్య స్కూల్లో టీచరు. బల్ల మీద పెట్టుకున్న పరీక్ష పేపర్లు ఆవిడ దిద్దకముందే ఎర్రబడ్డాయి.

ఆవిడకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన గరిటె తిప్పుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఇది బాగా కుదిరితే ఈసారి నా సంగతి అడగొచ్చు" అన్నాడు. దాంతో ఆవిడ నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఉతికి మడతపెట్టిన దుప్పటి చింపి వడగట్టడానికి ఇచ్చింది.

అత్తగారు ఒక చెంచాడు రుచి చూసింది. కళ్ళు మూసుకుని మింగింది.

"మా చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాంటిదే పట్టేవాళ్ళు అల్లుడుగారూ. ముక్కు మూసి మరీ పట్టేవాళ్ళు."

"దీన్ని పెద్ద పెద్ద హోటళ్ళలో డబ్బిచ్చి తాగుతారండీ."

"పాపం, వద్దని చెప్పేవాళ్ళు లేరు కాబోలు" అంది ఆవిడ.

విందు రోజున క్యాంటీన్లో గ్లాసులు వరసగా పేర్చారు. అందరూ ఎత్తి ఒక గుక్క తాగారు. అంతే, అందరి మొహాలూ ఒక్కసారి ముడుచుకుపోయాయి. బాగోలేదందామంటే చేయించింది మేనేజరు, బాగుందందామంటే నోరు తెరుచుకోదు. ఆ ఇరకాటంలోంచి మొట్టమొదట బయటపడ్డవాడు మేనేజరు కారు డ్రైవరు. గోడకి చెయ్యి ఆనించి, నాకు కొంచెం ఎక్కిందన్నాడు.

ఏం ఎక్కింది? నారింజ తొక్కా? అది ఎవరూ అడగలేదు. డ్రైవరు తూలుతూ మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"మీ కుక్కపిల్లని వెనక సీట్లో కూచోబెట్టమన్నారు, కూచోబెట్టాను సార్. దానికి ఏసీ వెయ్యమన్నారు, వేశాను. అది దిగగానే ఏసీ ఆపెయ్యమనడం మాత్రం బాగాలేదు. నేనూ ప్రాణినే కదా సార్" అన్నాడు. అనేసి, తాగి ఉన్నాను, పట్టించుకోకండి అని చేతులు జోడించాడు.

అందరూ ఒకసారి మేనేజరు వైపు, ఒకసారి తమ గ్లాసుల వైపు చూశారు. తర్వాత గ్లాసులు చకచకా ఖాళీ కావడం మొదలైంది! ఇంత సదుపాయం ఉందని తెలిశాక ఎవరు మాత్రం ఆగుతారు? అకౌంట్స్ అక్క రెండు గ్లాసులు గటగటా తాగి, మేనేజరు చెప్పే చిలక జోకుకి ఇన్నేళ్ళూ నవ్వీ నవ్వీ తన దవడలు అరిగిపోయాయని, ఆ చిలక చచ్చిపోతే తప్ప తనకి విముక్తి లేదని ఏడ్చింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో రూల్సు తాతయ్య ఉన్నాడు, తుమ్మాలన్నా నిబంధన చూసుకుని తుమ్మే మనిషి. ఆయన కూడా కుర్చీ ఎక్కి, మేనేజరు ఏ కాగితమూ చదవకుండా సంతకం పెడతాడని, పోయినేడాది తన సెలవు తనే తిరస్కరించుకున్నాడని చాటాడు. దిగాక అందరూ ఒకటే మాట, తాగి ఉన్నాం సార్, క్షమించండి.

గిన్నెలో ఏం వేశాడో తెలిసిన బాబాయి ఒక్కడే నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఇక మేనేజరు ఏం చెయ్యాలి చెప్పండి? తెలివిలో ఉంటే కోపం తెచ్చుకోవాలి. అంతమంది మీద కోపం తెచ్చుకుంటే రేపు కుళాయిలు ఎవరు చేస్తారు? పరువు దక్కాలంటే తనకీ ఎక్కాలి. కాబట్టి ఎక్కింది. కళ్ళు ఎర్రజేసుకుని, లేచి తూలి, బాబాయిని కావలించుకున్నాడు. "నీకు అన్యాయం చేశామయ్యా. రేపటినుంచి నువ్వు పర్మనెంటు. నేను చెబుతున్నాను" అన్నాడు. క్యాంటీన్ పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్ళి చెబితే భార్య ఒకటే ప్రశ్న వేసింది, తాగి అన్నాడా, తెలివిలో అన్నాడా అని. తాగడానికి అందులో ఏముంది, బీట్‌రూటే కదా అని బాబాయి నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా కాలమైంది. ఆవిడా నవ్వింది.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాడు. మేనేజరు కణతలు నొక్కుకుంటూ కూర్చుని ఉన్నాడు. రాత్రి కొంచెం ఎక్కువైందని, ఎవరితో ఏమన్నానో ఒక్క ముక్క గుర్తులేదని మూలిగాడు.

బాబాయి ఒక అడుగు ముందుకేశాడు. "అందులో ఏమీ లేదు సార్. నా చేత్తో నేనే చేశాను. తొక్కలు, బీట్‌రూట్, అంతే" అన్నాడు.

మేనేజరు కణతల మీదనుంచి చేతులు తీసి నిటారుగా కూర్చున్నాడు. తలనొప్పి చిటికెలో మాయమైంది.

"ఏమీ లేదంటావా? సరే. అయితే డ్రైవరు అన్నది తెలివిలోనే అన్నాడన్నమాట. అకౌంట్స్ ఆవిడ అన్నదీ తెలివిలోనే. ఆ ముసలాయన కుర్చీ ఎక్కిందీ తెలివిలోనే. బాగా ఆలోచించుకుని చెప్పు. ఏమీ లేదా?"

గది తలుపు అద్దాలది. అవతల డ్రైవరు, అక్క, తాతయ్య, వాళ్ళ వెనక మిగతా ఆఫీసంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. డ్రైవరుకి ఇద్దరు చెల్లెళ్ళు చదువుతున్నారు. అక్క జీతం మీదే ఇల్లు గడుస్తుంది. బాబాయి వాళ్ళ వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట రాత్రి చెవినపడింది, దాన్ని నిజం చేసుకోవాలంటే ఏమీ లేదని ఇంకొక్కసారి అంటే చాలు. ఏడుపొచ్చింది.

"ఉంది సార్. కొంచెం ఎక్కువే పోశాను" అన్నాడు.

తలుపు అవతల అందరూ ఊపిరి వదిలారు. మేనేజరు కూడా హాయిగా వెనక్కి వాలాడు. వాలినవాడికి వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఉందంటే, ఉత్తర్వు కాదని ఆఫీసులోకి మద్యం తెచ్చారన్నమాట! అది బయటికి పొక్కితే? తెచ్చినవాణ్ణి ఇప్పుడే పీకెయ్యమని రూల్సు తాతయ్యని కేకేశాడు.

తాతయ్య నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. లోపలికి రాగానే ముందు బాబాయి వైపు ఒకసారి చూశాడు. తర్వాత తాపీగా అద్దాలు పెట్టుకున్నాడు. టెంపరరీ మనిషిని తీసెయ్యడం శిక్ష కిందికి రాదండీ అన్నాడు. మూడు నెలలకోసారి ఎలాగూ తీసేస్తున్నాం, దాన్ని శిక్ష అంటే ఇన్నేళ్ళూ ఎందుకు శిక్షించారని హెడ్డాఫీసు అడుగుతుంది. మద్యం కేసులో మెమో ఇవ్వాలి, సస్పెండు చెయ్యాలి, విచారణ జరపాలి. ఇవన్నీ పర్మనెంటు ఉద్యోగులకే వర్తిస్తాయి. ఎవరి మీదా చర్య లేకపోతే ఆ చర్య మేనేజరు మీద తీసుకుంటారు.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ముందు ఈయన్ని పర్మనెంటు చెయ్యండి. తర్వాత సస్పెండు చెయ్యండి. వేరే దారి లేదు."

మేనేజరు రెండు కాగితాలూ రాయించి సంతకాలు పెట్టాడు. ఆపైన, మిగిలిన పానీయం సాక్ష్యంగా పరీక్షకి పంపించండి అన్నాడు. ఆ మాట తలుపు అవతలికి వినబడింది. పరీక్షలో బీట్‌రూట్ అని తేలితే తమ గతేమిటి? అందరూ ఒక్క పరుగున క్యాంటీన్‌కి పోయి, గిన్నెలో మిగిలిన ఆ ఎర్రటి చేదుని అడుగుదాకా తాగేశారు. ఈసారి మాత్రం ఒక్కరికీ మత్తెక్కలేదు.

సాక్ష్యం లేకపోవడంతో విచారణ ఇప్పట్లో తెమలదని తాతయ్య తేల్చాడు. విచారణ తెమిలేదాకా బాబాయి ఇంట్లోనే ఉండాలి, ఉంటూ సగం జీతం తీసుకోవాలి, రిటైరయ్యే వయసొస్తే పద్ధతిగా రిటైరవ్వాలి. ఇది శిక్షండోయ్, నవ్వకూడదు.

రెండు కాగితాలు పట్టుకుని ఇంటికొస్తే, ఇంతకీ ఉద్యోగం వచ్చినట్టా, పోయినట్టా అని అత్తగారు అడిగింది. వచ్చాక పోయిందండీ అన్నాడు బాబాయి. భార్య మొదటి కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. రెండోదాన్ని విప్పనైనా విప్పలేదు. ఒకరోజు ముందు ఈ కాగితం వచ్చుంటే ఎంత సంతోషించేదాన్నో అని మాత్రం అంది.

ఇన్నేళ్ళు ఒక్క వాషరు లెక్క తప్పకుండా పనిచేసినందుకు ఆ కంపెనీ ఆయనకి ఉద్యోగం ఇవ్వలేకపోయింది. చెయ్యని తప్పుకి మాత్రం, ఆయన అడగకుండానే, పిలిచి ఇచ్చింది.