తుడవకూడని పాలు

ఆ ఉదయం ఓద్గెరెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చప్పుడు చేయకుండా మెట్లు దిగాలి, కారెక్కాలి, ఉలాన్‌బాతర్ విమానాశ్రయం చేరాలి. బాకులో పిస్టల్ పోటీ. అందులో మొదటి ఇద్దరిలో నిలిస్తేనే ఒలింపిక్స్‌కు పిలుపు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇది తప్పితే మరో అవకాశం రాదని ఆమెకూ తెలుసు, ఇంకా బాగా ఆమె మోకాళ్లకు తెలుసు.

ప్రయాణమయ్యేవాళ్ల వెనక వాళ్లమ్మ గరిటెతో పాలు చిలకరించడం మంగోలియాలో ఆచారం. "ఒక్క గరిటె చాలమ్మా, ఎవరికీ చెప్పకు" అని తల్లి దులామమ్మను ముందే ఒప్పించింది. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కింద గుమ్మం దగ్గర నాలుగంతస్తుల ఆడవాళ్లూ పాలగిన్నెలతో బారులు తీరి ఉన్నారు.

"గురి కొట్టేది పిస్టలే కదే! దీవెన దానికీ పడాలి" అంటూ మూడో అంతస్తు ముసలావిడ పిస్టల్ పెట్టె మూత తెరిపించి, గిన్నెడు పాలూ బోర్లించేసింది.

"అయ్యో బామ్మా! చిలకరించమంటే స్నానం చేయించావేమిటి!"

"తుడవకు! తుడిస్తే దీవెన పోతుంది" అని ఆడవాళ్లంతా ఒక్కసారి అరిచారు.

కారులో కోచ్ జమ్స్రన్ మాస్టారు పెట్టెకేసి చూశారు. "ఏమిటా కారుతున్నది?"

"ప్రయాణం పాలు మాస్టారూ."

"తుడిచెయ్."

"మీరే తుడవండి."

మాస్టారు జేబురుమాలు తీశారు, కాసేపు ఆలోచించారు, ముక్కు తుడుచుకుని లోపల పెట్టేసుకున్నారు.

విమానాశ్రయంలో తనిఖీ కుక్క ఆ పెట్టె ముందు బైఠాయించింది. అధికారి మూత తెరిచి, సంగతి విని, గబుక్కున మూసేశాడు. "నేను ముట్టుకోను తల్లీ. మా ఆవిడకిప్పుడు ఏడో నెల."

బాకు చేరేసరికి పెట్టె పెరుగు కంపు కొట్టింది. పాలు తాగిన చెక్కపిడి ఉబ్బిపోయింది. పోటీకి ముందు ప్రతి పిస్టల్ కొలతపెట్టెలో పట్టాలి. ఓద్గెరెల్‌ది సగంలోనే ఇరుక్కుంది.

"పావుగంటలో పట్టేలా చేసుకురండి, లేదా ఇంటికెళ్లండి" అన్నాడు తనిఖీదారు.

ఓద్గెరెల్ బావురుమంది. ఇరవై ఏళ్ల సాధన నీళ్లపాలు కూడా కాదు, పాలపాలైంది. మాస్టారు ఎక్కడినుంచో ఆకురాయి పట్టుకొచ్చారు.

"మాస్టారూ, దీవెన..."

"తుడవద్దన్నారు గానీ, అరగదీయొద్దన్నారా?"

బరబరా అరగదీశారు. పిస్టల్ కొలతపెట్టెలో పట్టింది. ఓద్గెరెల్ పిడి పట్టుకుని చూసి నివ్వెరపోయింది. ఆ పిడిని చెక్కింది మాస్టారే. బొటనవేలు నొక్కుతోందని రెండేళ్లుగా ఆమె మొత్తుకుంటుంటే, "అలవాటవుతుందిలే" అని కొట్టిపారేసిందీ ఆయనే.

"ఇప్పుడు నొక్కట్లేదు మాస్టారూ!"

"నోర్మూసుకుని పోయి కాల్చు."

కాల్చింది. సున్నా పాయింట్ రెండు తేడాతో రెండో స్థానం. ఒలింపిక్స్ ఖాయం. ఆనందం పట్టలేక మాస్టారిని వాటేసుకుని ఏడ్చేసింది, ఆయనా ఏడ్చారు.

ఆ సాయంత్రమే షూటింగ్ సమాఖ్యకు నివేదిక వెళ్లింది. విజయానికి కారణం అన్నచోట జమ్స్రన్ మాస్టారు స్వదస్తూరీతో ఇలా రాశారు: "పిడి విషయంలో శిక్షకుడి ముందుచూపు."